తొమ్మిదో రోజు 10:40కి ఆనందబాష్పాలు

మా కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో లోలకానికి గుండు పోయి ఆరేళ్లయింది. దారం మాత్రం వేలాడుతూనే ఉంది. అయినా ఈ ఆరేళ్లలో మా పిల్లల్లో దాదాపు ఎవరికీ గురుత్వ త్వరణం తొమ్మిది పాయింట్ ఎనిమిది ఒకటి కాక మరో విలువ రాలేదు. దీనికి కారణం మా పద్ధతి. మా దగ్గర ముందు రికార్డు రాస్తారు, ప్రయోగం తర్వాత చేస్తారు. ప్రయోగం ముందు చేస్తే రీడింగులు ఎటు పోతాయో ఎవరు చెప్పగలరు? సీనియర్ల రికార్డు హాస్టల్లో గదులు మారుతూ వస్తుంది. జూనియర్లు దాన్ని చూసి దించుతారు. ఒకసారి ఎవరో సీనియరు ఓ పేజీలో "ఒరేయ్, ఇక్కడ టీ ఒలికింది, పక్క గదిలో చూసి రాసుకోండి" అని పెన్సిలుతో రాశాడు. ఆ ఏడు అరవై మంది రికార్డుల్లోనూ ఆ వాక్యం ఇంకుతో ఉంది. కింద నా సంతకమూ ఉంది. ఆ ల్యాబుకి ఇన్‌ఛార్జిని నేనే.

ఇదంతా ఎందుకంటే, హోండురాస్ దేశంలో ఒక గోడ కూలడానికీ, మా కాలేజీకి పై గ్రేడు రావడానికీ వేరు ఇక్కడే ఉంది.

కిందటేడు గ్రేడింగు కమిటీ వారి దగ్గర్నుంచి ఒక సర్క్యులరు వచ్చింది. విదేశీ గ్రామీణ సమాజంలో కనీసం నలభై గంటల సేవ చేయని విద్యార్థి పట్టాకు అనర్హుడని అందులో ఉంది. డీన్ శశిభూషణరావు గారు మమ్మల్నందరినీ పిలిచి దాన్ని రెండుసార్లు చదివి వినిపించారు. ఆయనకు అప్పటికే మూడు విభాగాలు ఉన్నాయి. ఆ సాయంత్రానికి 'అంతర్జాతీయ సేవా విభాగం' అని నాలుగో నేమ్‌బోర్డు తలుపుకి ఎక్కింది.

నేను పల్లెటూరివాణ్ణి. నోరు ఊరుకోదు. "సార్, మన గేటుకి మూడు కిలోమీటర్ల దూరంలో రేగుమానుపాలెం ఉంది. సేవ ఏదో అక్కడ చేస్తే..." అన్నాను.

"అంకారావు గారూ, అది మన దత్తత గ్రామం. దాన్ని దత్తత తీసుకోవడం ఎప్పుడో పూర్తయిపోయింది. బోర్డు కూడా పాతాం. ఇక అక్కడ చేయాల్సింది ఏముంది? పైగా అది లోకల్ హెడ్డు కింది పద్దు. మనకి ఖాళీగా ఉన్నది ఇంటర్నేషనల్ హెడ్డు."

నేపాల్‌ని పక్క జిల్లా కాలేజీ వాళ్లు తీసేసుకున్నారు. కెన్యాని రోడ్డవతలి మహిళా కాలేజీ ముందే పట్టేసింది. డీన్ గారు గ్లోబును తిప్పి తిప్పి, మధ్య అమెరికా మీద వేలు పెట్టి, "ఇక్కడ ఇంకా మన రాష్ట్రం నుంచి ఎవరూ దిగలేదు" అన్నారు, బోరు పాయింటు దొరికినవాడిలా. ఏజెన్సీ కుదిరింది. మొదటి బ్యాచిగా ఎలక్ట్రికల్ ఫైనలియరు పిల్లలు ఇరవై రెండు మంది, వాళ్లకి కాపలాగా నేను.

చిక్కు ఒకటే. మేము అక్కడ ఉండే తొమ్మిదో రోజునే కమిటీ వారు ఇక్కడ కాలేజీకి వస్తున్నారు. ఆ రోజుకి సేవా రికార్డులు వాళ్ల బల్ల మీద ఉండాలి.

"అందులో ఇబ్బంది ఏముంది?" అన్నారు డీన్ గారు. "వెళ్లే ముందే రాయించండి."

ఏజెన్సీ వాళ్లు అంతకు ముందు అదే ఊరికి వెళ్లొచ్చిన ఏదో కాలేజీ రికార్డును నమూనాగా పంపారు. రెండు రోజుల్లో పిల్లలు దించేశారు. క్లాసు లీడరు ప్రణీత్ అయితే గోడ బొమ్మను స్కేలు పెట్టి ముందు నుంచీ పక్క నుంచీ పైనుంచీ గీశాడు. రికార్డు ఇంగ్లీషులోనే ఉంటుంది గానీ, ఆ ఇంగ్లీషుని తెలుగు చేస్తే ఇలా ఉంటుంది:

"అంశము ఒకటి: నలభై అడుగుల గోడ కట్టబడెను. ఇరవై నాలుగు గంటలు. అంశము రెండు: సదరు గోడకు నీలిరంగు వేయబడెను. ఎనిమిది గంటలు. అంశము మూడు: స్త్రీలకు ఏటి నుండి నీటి బిందెలు మోయుటలో సాయపడబడెను. ఆరు గంటలు. అంశము నాలుగు: కృతజ్ఞత స్వీకరించబడెను. రెండు గంటలు. పరిశీలన: తొమ్మిదవ రోజు ఉదయం 10:40కి ఎర్లిందా అను వృద్ధురాలు ఆనందబాష్పములు రాల్చెను. ఫలితము: గ్రామము అభివృద్ధి చెందెను."

డీన్ గారు ఇరవై రెండు రికార్డుల మీదా పచ్చ ఇంకుతో సంతకం చేసి సీలు వేశారు. తెరిచి చూడలేదు. చూసి ఉంటే, ఒకదానిలో అట్ట మీద పేరు తప్ప లోపల అన్నీ తెల్ల కాగితాలే అని తెలిసేది.

ఆ రికార్డు కాశింబీది. వాళ్ల నాన్నకి పొదిలిలో మోటార్ల వైండింగు షాపు. ఈ పిల్ల మొదటి సంవత్సరంలోనే నన్ను ఇబ్బంది పెట్టింది. లోలకానికి గుండు లేదని ఇంటి నుంచి ఒక పెద్ద నట్టు తెచ్చి దారానికి కట్టి ప్రయోగం చేసింది. తొమ్మిది పాయింట్ ఆరు వచ్చింది. అదే రాసింది. మిగతా వాళ్లతో కలవలేదని నేను మార్కులు కోశాను.

"రికార్డు ఎందుకు రాయలేదమ్మా?" అని అడిగాను, విమానం ఎక్కేటప్పుడు.

"చెయ్యకుండా ఎట్టా రాసేది సార్? పోయొచ్చినాక రాస్తాలే."

"తేడా వస్తే డిటెయిన్ చేస్తారు. జులై ఒకటికి హైదరాబాదులో నీ ఉద్యోగం ఉంది కదా, పట్టా చూపించాలి కదా."

"అవును సార్. ట్రాన్స్‌ఫార్మర్ల కంపెనీ." ఆ మాట అన్నప్పుడు మాత్రం ఆ పిల్ల ముఖంలో కొంచెం భయం కనిపించింది. వాళ్ల షాపులో పదిహేనేళ్లు ట్రాన్స్‌ఫార్మర్ల గురించి మాట్లాడుకోవడమే గానీ, అవి తయారయ్యే చోటికి ఎవరూ పోలేదు.

*

ఆ ఊరి పేరు ఎల్ తమారిందో. అంటే చింతచెట్టు అని ఏజెన్సీ మనిషి గిల్బెర్తో చెప్పాడు. మొక్కజొన్న చేలు, బీన్సు పాదులు, రేకుల ఇళ్లు. ఆడవాళ్లు అరచేతుల మధ్య రొట్టెలు తడుతున్న చప్పుడు అచ్చం మా అమ్మ జొన్నరొట్టె తట్టినట్టే ఉంది. నాకు ఎక్కడికో వచ్చినట్టే అనిపించలేదు.

బస్సు దిగగానే ప్రణీత్ గట్టిగా అరిచాడు. "సార్! గోడ ఉంది సార్!"

నిజమే. మైదానం మధ్యలో నలభై అడుగుల గోడ నిలబడి ఉంది. నీలిరంగు వేసి ఉంది. అది దేన్నీ చుట్టుకొని లేదు. దేనికీ అడ్డంగానూ లేదు. గోడగా ఉండడం తప్ప దానికి వేరే పని లేదు.

"కంగారు పడకండి," అన్నాడు గిల్బెర్తో. అతను ఇంగ్లీషులో చెప్పేవాడు, ఊరి వాళ్ల మాటలూ ఇంగ్లీషులో పెట్టేవాడు. "ఇది మొన్నటి గ్రూపుది. మీకు ఏ సైజు కావాలో చెబితే పడగొట్టిస్తాం. ప్యాకేజీలోనే ఉంది."

అప్పుడే ఎర్లిందా వచ్చింది. ఆమె ఊరి నీళ్ల కమిటీకి పెద్ద. నడుముకి ఏప్రాను, చేతికి మొక్కజొన్న పిండి. ఆమె మాట్లాడింది స్పానిషే అయినా, ఆ మాటని మా వైపు యాసలోకి దించితే తప్ప దాని కారం నిలవదు. అందుకని అట్లాగే రాస్తున్నాను.

"యాడ నుంచి వచ్చారు పంతులూ? ఇండియా? మంచిది. గోడ మొత్తం కూల్చమంటారా, సగమా? మొన్నటోళ్లు సగమే అడిగారు, పాపం తొందరలో ఉన్నారు."

"ఈ గోడని ఎన్నిసార్లు కట్టారమ్మా?"

"ముప్పై ఒకటి. మొదట్లో సిమెంటుతో కట్టేవాళ్లు. పడగొట్టలేక మా నడుములు విరిగేవి. ఇప్పుడు ఉత్త బురదే. వచ్చేవాళ్లకి అది సిమెంటని చెప్తాం. నీకెందుకు చెప్తున్నానంటే, నీ చేతులు పొలం చేతుల్లాగున్నాయి, కనిపెట్టేస్తావని."

ఆ ఊళ్లో ఇటుకలకి ఆరు వైపులా నీలిరంగు ఉండడం నేను అప్పటికే చూశాను. సాయంత్రం నలుగురు ఆడవాళ్లు వచ్చి భుజం ఆనిస్తే గోడ పడుకుంది. ఇటుకలు ఏరి వరసగా పేర్చారు. మరుసటి ఉదయం మా సేవ మొదలైంది.

రికార్డులో ఉన్న వృద్ధురాలు తానేనని తెలిసి ఎర్లిందా మండిపడింది.

"వృద్ధురాలా? ఎవడు రాశాడు? నాకు యాభై ఎనిమిది. నాలుగేళ్లుగా ఎవడొచ్చినా నన్ను ఏడిపిస్తున్నారు. సరే, ఏడుస్తా. నవ్వుతా ఏడవాలా, ఏడుస్తా నవ్వాలా? ముందే చెప్పండి, మళ్లీ మళ్లీ తీస్తే నా కళ్లు మండుతాయి."

"రికార్డులో అది రాయలేదు," అన్నాడు ప్రణీత్, ఫోనులో రికార్డు ఫోటోలు తిప్పుతూ. "10:40 అని మాత్రం ఉంది."

గోడ బాగానే లేచింది. చిక్కు వచ్చింది బిందెల దగ్గర.

ఊరి బావికి మోటారు ఉంది. చలికాలం చివర్లో కాలిపోయింది. అప్పట్నుంచీ ఆడవాళ్లు రెండు కిలోమీటర్ల అవతలి ఏటి నుంచి నీళ్లు మోసుకుంటున్నారు. ఊళ్లో ఉన్నవి ముప్పై బిందెలు. మా పిల్లలు ఇరవై రెండు మంది, మనిషికి ఆరు గంటల మోత రాయాలి. వాళ్లు గంటన్నరలో ఊరి తొట్లన్నీ నింపేశారు. ఇంకా నాలుగున్నర గంటలు మిగిలాయి. పోసేందుకు చోటు లేదు.

ఆ ఉదయం ఏడున్నరకి నేను డీన్ గారికి ఫోను చేశాను. అక్కడ సాయంత్రం.

"తొట్లు నిండితే ఏమైంది?" అన్నారు ఆయన. "రికార్డులో నీళ్లు మోయుట అని ఉంది. నింపుట అని లేదు."

అందువల్ల మా పిల్లలు తెచ్చిన నీళ్లను తిరిగి ఏటికి తీసుకుపోయి, అందులో పోసి, ఆ నీళ్లనే మళ్లీ ముంచుకొని తెచ్చారు. రెండు రోజులు అలా జరిగింది. ఊరి ఆడవాళ్లు గడపల్లో కూర్చొని చూశారు. ఒకావిడ ఎర్లిందాని ఏదో అడిగింది. ఆమె తలకొట్టుకొని చెప్పిన మాట గిల్బెర్తో నాకు ఇంగ్లీషు చేయలేదు. చేయక్కర్లేదు కూడా.

*

కాశింబీ మొదటి రోజే బావి దగ్గరికి పోయింది. రెండో రోజు మోటారు మూత విప్పి నా ముందు పెట్టింది. లోపల వైండింగు బొగ్గులా ఉంది.

"వాసన చూడండి సార్. మా షాపుకి ఎండాకాలం రోజుకి పది వస్తాయి ఇట్టాంటివి. రన్నింగు వైండింగు పోయింది, అంతే. బేరింగులు బానే ఉన్నాయి. తీగె దొరికితే నాలుగు రోజుల్లో తిప్పుతా."

"రికార్డులో లేదమ్మా."

"నా రికార్డులో ఏమీ లేదు కదా సార్."

 నేను అటు తిరిగి గోడ ఎంతవరకు లేచిందో చూడ్డానికి పోయాను. ఆ తర్వాత జరిగింది నేను చూడలేదు. చూడలేదు కాబట్టి కొంచెం వివరంగా చెప్పగలను.

గిల్బెర్తో టౌను నుంచి తీగె, వార్నిష్ తెచ్చాడు. కాశింబీ కాలిన కాయిళ్లను కోసి తీసి, ఒక్కొక్కదానికి ఎన్ని చుట్లున్నాయో పెదాలు కదుపుతూ లెక్కపెట్టింది. ఒకసారి ఎర్లిందా మధ్యలో పలకరిస్తే లెక్క తప్పి, "అమ్మా తల్లీ, నోరు మూసుకో కాసేపు" అని తెలుగులోనే అంది. ఆమె మూసుకుంది. ఆ తర్వాత ఇద్దరికీ గిల్బెర్తో అవసరం లేకపోయింది. ఒకామె తీగె పట్టుకుంటే ఒకతె చుట్టింది. తీగె దిగే స్లాట్లలో కాయితం, పైన వెదురు చీలికలు. వార్నిష్ ఆరాలి. మా వైపైతే ఎండలో పెడతారు. అక్కడ రెండు రోజులుగా మబ్బు. ఎర్లిందా ఆ మోటారు గుండెకాయని చంకనెత్తుకొని పోయి, రొట్టెలు కాల్చే మట్టి పొయ్యిలో, నిప్పు తీసేసిన వేడి మీద పెట్టింది.

ప్రణీత్ చెడ్డవాడు కాదు. ఫోటోలు తీయడం అలవాటు, అంతే. పొయ్యిలో మోటారు ఫోటో కాలేజీ గ్రూపులో పడింది. ఏడున్నరకి ఫోను మోగింది. డీన్ గారు స్పీకరులో పెట్టమన్నారు.

"ఏమ్మా, ఎవరు చేయమన్నారు నిన్ను?"

"ఎవరూ చెప్పలేదు సార్. నీళ్లు లేవు కదా."

"నీళ్లు లేకపోవడమే కదమ్మా మన కార్యక్రమానికి ఆధారం. నువ్వు మోటారు తిప్పితే అంశం మూడు మొత్తం లబ్ధిదారులు లేకుండా పోతుంది. ఇరవై రెండు మందికి ఆరేసి గంటల చొప్పున నూటముప్పై రెండు గంటల సేవ గాలిలో కలుస్తుంది. వాళ్ల ఇబ్బంది తీర్చేస్తే రేపు మనం ఎవరికి సేవ చేయాలి? ఆలోచించావా?"

"మోటారు బాగుచేస్తే సేవ కాదా సార్?"

"అది రిపేరు. సేవకీ రిపేరుకీ తేడా తెలియదా? సేవ అంటే చేసిన వాళ్లలో మార్పు రావాలి. రిపేరు వల్ల మోటారులో మాత్రమే మార్పు వస్తుంది." ఆయన గొంతు తగ్గించారు. "చూడు తల్లీ, తొమ్మిదో రోజు ఉదయం కమిటీ వారు వీడియోలో మిమ్మల్ని చూస్తారు. రికార్డు చేత్తో పట్టుకొని ఒక్కొక్క రీడింగూ సరిచూస్తారు. గోడ, రంగు, బిందెలు, ఆ ముసలామె. ఒక్కటి తప్పినా, తప్పించిన వాళ్లని డిటెయిన్ చేస్తాను. మోటారు కట్టి పక్కన పెట్టు."

ఫోను పెట్టేశారు. కాశింబీ కాసేపు చేతుల మీద వార్నిష్ గోకుకుంటూ నిలబడింది.

"ఏందంట పిల్లా?" అంది ఎర్లిందా. గిల్బెర్తో చెప్పాడు. ఆమె విని, మోటారు వైపూ పిల్ల వైపూ చూసి, "వద్దులే. నీ చదువు పాడుచేసుకోకు. ఇది కాలినాక కూడా గుంపులు గుంపులుగా వచ్చిపోయారు, ఒక్కరూ మూత విప్పలా. నువ్వు విప్పావు, చాలు" అంది.

ఆ మాట ఆమె అనకుండా ఉంటే ఆ పిల్ల ఆగేదేమో. కాశింబీ నా వైపు తిరిగింది. "సార్, మోటారు బావి దగ్గర బిగించి పెడతా. స్విచ్చి వెయ్యను. కమిటీ చూడ్డం అయిపోయినాక వీళ్లే వేసుకుంటారు. అప్పుడు ఎవురికీ ఇబ్బంది లేదు కదా."

"నాకేం తెలియదమ్మా. నేను రంగు దగ్గర ఉన్నాను," అన్నాను.

ఎనిమిదో రోజు మోటారు బావి దగ్గర కూర్చుంది. తొట్టికి పోయే గొట్టం ఇంకా కలపలేదు. మైదానంలో వదిలేశారు. ఊళ్లో అప్పటికి రెండు రోజులుగా కరెంటు లేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా వైపు వ్యవసాయం కరెంటు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. అందుకని ఏ రైతూ స్విచ్చి ఆపడు. ఎప్పుడూ వేసే ఉంచుతాడు. కరెంటు వచ్చినప్పుడు మోటారు తనంతట తనే తిరుగుతుంది. కాశింబీ వైర్లు బిగించి, టేపు చుట్టి, పైకి లేస్తూ స్విచ్చిని వేసి పెట్టింది. అది ఆమె చేయి చేసిన పని. ఆమె కాదు. పక్కనే నిలబడి నేనూ చూశాను. నాకూ ఏ అనుమానమూ రాలేదు. మా ఊళ్లో స్విచ్చి అలాగే ఉంటుంది మరి.

*

తొమ్మిదో రోజు ఉదయం పదింటికి ఫోను స్టాండు మీద నిలబెట్టాం. తెరలో మా కాలేజీ గెస్ట్‌హౌసు కనిపించింది. అక్కడ రాత్రి. కమిటీ వారు భోజనాలు ముగించి సోఫాల్లో ఉన్నారు. మధ్యలో కూర్చున్న ఛైర్మను గారి చేతిలో ప్రణీత్ రికార్డు. పక్కన చేతులు కట్టుకొని డీన్ గారు.

"గోడ పొడవు?" అన్నారు ఛైర్మను గారు.

"నలభై అడుగులు సార్." టేపు పట్టి చూపించారు.

"టాలీ. రంగు?"

"నీలం సార్."

"టాలీ. నీటి మోత?"

పదకొండు మంది స్త్రీలు, ఇరవై రెండు మంది విద్యార్థులు, ముప్పై బిందెలు తెర ముందు నుంచి నడిచి పోయారు. కొందరు వెనక నుంచి తిరిగి వచ్చి మళ్లీ నడిచారు.

"టాలీ. చాలా సంతోషం. ఇక పరిశీలన. పది నలభై అని ఉంది."

"ఇంకా రెండు నిమిషాలుంది సార్," అన్నాడు ప్రణీత్. గోడ ముందు కుర్చీ వేసి ఎర్లిందాని కూర్చోబెట్టారు. వృద్ధురాలిగా కనిపించడానికి తలకు గుడ్డ కట్టారు. ఆ కుర్చీ వెనక గొట్టం ఒకటి ఫోటోకి అడ్డంగా ఉందని ప్రణీత్ ఆ ఉదయమే దాన్ని లాగి గోడ వెనక్కి పడేశాడు. ఎర్లిందా కళ్లు గట్టిగా మూసి, చనిపోయిన వాళ్లనెవరినో తలచుకోవడానికి ప్రయత్నిస్తోంది. ఎవరూ గుర్తుకు రావడం లేదని ఆమె మొహమే చెబుతోంది.

పది ముప్పై తొమ్మిదికి ఎవరింట్లోనో రేడియో పాడింది.

నేను కాశింబీ వైపు చూశాను. ఆమె నా వైపు చూసింది. బావి దగ్గర మోటారు ఒక్కసారి మూలిగి, అందుకొని, హాయిగా పాట ఎత్తుకుంది.

ముందు గోడ వెనక బుసబుసమని చప్పుడైంది. తర్వాత గోడ కింద నుంచి నీలం కలిసిన బురద కాలువ కట్టింది. గోడ ఒకసారి ఒళ్లు విరుచుకుంది. మేము ఎర్లిందాని కుర్చీతో సహా పక్కకి లాగే లోపలే, నలభై అడుగుల అంశం ఒకటీ అంశం రెండూ కలిసి వెల్లకిలా పడుకున్నాయి. దాని మీదుగా, మనిషెత్తున నీళ్లు ఎగజిమ్మి తెర నిండా పరుచుకున్నాయి.

ఎర్లిందా లేచి నిలబడింది. తల గుడ్డ ఊడిపోయింది. నీళ్లలో చేయి పెట్టి చూసింది. ఆ తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. నడుము పట్టుకొని, గోడ మీద కూలబడి, ఊపిరాడక నవ్వింది. కాశింబీ తల పట్టుకొని తన గుండెకేసి అదుముకుంటూ నవ్వింది. ఆమె బుగ్గల మీద కారుతున్నవి మోటారు నీళ్లు కావని తెరలో కూడా తెలిసిపోయింది.

 తెరలో ఛైర్మను గారు హోండురాస్ టైముకి తిప్పి పెట్టుకున్న గడియారం చూసుకున్నారు. రికార్డు చూసుకున్నారు. మళ్లీ గడియారం చూసుకున్నారు.

"పది నలభై," అన్నారు మెల్లగా. "నిమిషం కూడా తేడా లేదు. ముప్పై ఏళ్ల నా సర్వీసులో ఇంత కచ్చితమైన రీడింగు చూడలేదు." ఆయన రికార్డులో టిక్కు పెట్టారు. "కానీ శశిభూషణరావు గారూ, ఆ నీళ్లు ఏమిటి?"

డీన్ గారు గొప్పవారు. రెప్ప వేయలేదు. "అది అంశం అయిదు సార్. సుస్థిర జల సంకల్పం. గోడ అనే పాత ఆలోచనని నీరు అనే కొత్త ఆలోచన తొలగించడం... ప్రతీకాత్మకంగా."

"రికార్డులో లేదే?"

"ఒక్కదానిలో ఖాళీ ఉంచాం సార్. కావాలనే. నిజంగా జరిగాక రాయాలని." ఆ ముందురోజే గుమస్తా ఎవరో కాశింబీ తెల్ల రికార్డు సంగతి ఆయన చెవిన వేశాడు. పొద్దున్నే ఆమెను డిటెయిన్ చేసే కాగితం టైపయి సిద్ధంగా ఉంది. ఆ రాత్రి దాన్నే తిప్పి, వెనక వైపు 'వినూత్న పద్ధతి' అనే శీర్షికతో నోటు రాశారు.

*

మాకు పై గ్రేడు వచ్చింది. కాశింబీ తిరిగొచ్చాక తన రికార్డు తను రాసింది, ఆరు పేజీలు, చుట్ల లెక్కతో సహా. దాన్ని నమూనా రికార్డుగా ప్రకటించారు. మిగతా ఇరవై ఒక్క మంది తమవి చింపేసి, హాస్టల్లో ఒక్క రాత్రిలో దాన్ని దించారు. ఇరవై ఒక్క మందీ ఒకే మోటారుని ఒంటరిగా బాగుచేశారు. ఇరవై ఒక్క మందీ "మా నాయన షాపులో నేర్చుకున్నాను" అని రాశారు. నేను సంతకాలు పెట్టాను.

ఈ ఏడు రెండో బ్యాచి వెళ్లే ముందు డీన్ గారు ఎల్ తమారిందోకి ఉత్తరం పంపారు. అంశం అయిదు నిర్వహణ కోసం మోటారును ఫలానా తేదీకల్లా కాలిన స్థితిలో సిద్ధంగా ఉంచగలరని దాని సారాంశం. ఎర్లిందా జవాబుగా ఒక ఫోటో పంపించింది. బావి చుట్టూ నీలి ఇటుకల గోడ. ఈసారి సిమెంటుతో కట్టింది. గోడకి ఇవతల బల్ల మీద టౌను పాత సామాను కొట్టులోంచి తెచ్చిన మోటారు ఒకటి, నల్లగా, అందంగా కాలి ఉంది. దాని మూతకి నీలిరంగు కూడా వేశారు. గోడకి అవతల ఏం తిరుగుతోందో ఫోటోలో కనిపించదు. గిల్బెర్తో కింద ఒక వాక్యం ఇంగ్లీషులో చేర్చాడు: మీ పిల్లలు ఆ మోటారుని ఎలా బాగుచేసినా సరే, 10:40కి నీళ్లు వస్తాయని, స్విచ్చి తన చేతిలోనే ఉందని దోన్యా ఎర్లిందా, అంటే ఎర్లిందా అమ్మగారు, చెప్పమన్నారు.

కిందటేడు గ్రేడు వచ్చినా కాశింబీ సంగతి మాత్రం తేలలేదు. మోటారు పని చేసిన గంటలు రిపేరు కిందికి వస్తాయి గనక, అంశం మూడులో ఆమెకి ఆరు గంటలు తక్కువ పడ్డాయి. జూన్ నెలాఖరు. పట్టా ఆగింది. డీన్ గారు దయతలచి, ఆ ఆరు గంటలూ ఇక్కడే పూర్తి చేయవచ్చన్నారు. కానీ నీళ్లు లేని చోటే మోయాలి, లేకపోతే సేవ కాదు. అలాంటి చోటు ఎక్కడుందని ఆఫీసులో వెతికారు. వెతకనక్కర్లేదు. రేగుమానుపాలెంలో మా దత్తత బోర్డు వెనకాలే ఉన్న బోరు మోటారు కాలిపోయి అప్పటికి ఎనిమిది నెలలైంది.

డీన్ గారికి అనుభవం ఉంది కదా. లిఖితపూర్వకంగా ఉత్తర్వు ఇచ్చారు: సదరు విద్యార్థిని బిందె తప్ప మరే పరికరమూ తీసుకుపోరాదు. గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లు ఆమె బ్యాగు విప్పి, టిఫిను డబ్బా మూత తీసి, స్క్రూడ్రైవరు లేదని నిర్ధారించుకొని చేతికి బిందె ఇచ్చారు.

పర్యవేక్షణకి నన్ను వేశారు. కాశింబీ ఆరు గంటలూ మోసింది, నిమిషం తక్కువ కాకుండా. రేగుమానుపాలెం ఆడవాళ్లు పక్కన నడుస్తూ, "ఏ కాలేజీ అమ్మా నీది? అంత చదివించి ఇదా నేర్పింది?" అని ఎకసెక్కాలాడారు. ఆరో గంట కొట్టగానే నేను షీటు మీద సంతకం పెట్టి, ఆమె చేతికిచ్చాను. పట్టాకి అదే ఆఖరి కాగితం.

ఆమె దాన్ని మడిచి దాచుకొని, బోరు వైపు చూసింది. తర్వాత ఖాళీ చేతులు చూసుకుంది.

గేటు దగ్గర నా జేబులు ఎవరూ తడమలేదు.

"ఇదుగోమ్మా," అన్నాను. "చుట్లు లెక్కపెట్టేటప్పుడు నేను మాట్లాడనులే."